“చాలా బాగుంది” తప్ప ఇంకేమీ రాయరు: తొమ్మిదో తరగతి బ్లాగు గోడు

సుద్దముక్క
అనంతపురం జిల్లాలో ఒక పల్లె హైస్కూల్లో తెలుగు చెబుతాను. తొమ్మిదో తరగతిలో 42 మంది. జూలైలో తరగతి పేరు మీద ఒక బ్లాగు మొదలుపెట్టాను. వారానికి పది మంది చొప్పున రాస్తారు. కంప్యూటర్ గదిలో పనిచేసేవి నాలుగే, వాటి మీదే వంతులవారీగా టైపు చేస్తారు. మిగతావాళ్లు చదివి కింద తమ అభిప్రాయం రాయాలి. నోట్సుల కట్ట ఇంటికి మోసుకెళ్లి, రాత్రి పదకొండు దాకా ఎర్ర సిరాతో దిద్ది తెచ్చిస్తే, పిల్లలు మార్కు చూసుకుని పుస్తకం మూసేస్తున్నారు. నేనొక్కదాన్నే చదివే రాత మీద వాళ్లకు మాత్రం మనసెందుకు ఉంటుందనిపించి ఈ పనికి దిగాను.

రాయడం నిజంగానే పెరిగింది. గైడులోని వ్యాసాన్ని దింపేసే పిల్లలు కూడా సొంతంగా పేరా, రెండు పేరాలు రాస్తున్నారు. చిక్కంతా కింద వచ్చే అభిప్రాయాలతోనే. “చాలా బాగుంది.” “సూపర్.” “చాలా చాలా బాగుంది.” ఒక అమ్మాయి ఒకే వాక్యాన్ని పదకొండు మంది కింద అతికించింది. అందులో ఒకటి ఆ అమ్మాయి స్వయంగా రాసుకున్నదే.

గత వారం ఇంకొకటి జరిగింది. ఒక అబ్బాయి వాళ్ల నాన్న వేయించిన మూడు బోర్ల గురించి రాశాడు. మూడోది 600 అడుగులు పోయినా దుమ్మే వచ్చిందట. బోరుబండి వెళ్లిపోయాక వాకిట్లో పడిన ఆ తెల్ల దుమ్మును వాళ్లమ్మ చీపురుతో ఊడ్చిందని రాశాడు. చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అయితే వాడు అన్నిచోట్లా ‘బోరు’ను ‘భోరు’ అని రాశాడు. కింద ఒకడు “భోరుమని ఏడ్చిందా?” అని పెట్టాడు. దాని కింద పద్నాలుగు నవ్వు బొమ్మలు. నేను చూసి తీసేసేలోగా ఒక రాత్రి గడిచిపోయింది. ఆ అబ్బాయి ఆనాటి నుంచి రాయడం లేదు. అడిగితే “చేయి నొప్పి మేడం” అంటాడు.

ఒకరి రాత ఒకరి చేత చదివించి, పనికొచ్చే మాట చెప్పించడం ఎలాగో చేసి చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

కొండారెడ్డి బురుజు
ఇంత చిన్న పనికి బ్లాగు ఎందుకు మేడం? గోడ పత్రిక చాలదా? ఒక చార్టు, కాస్త జిగురు. నవ్వాలన్నా రాసినవాడి ఎదుటే నవ్వాలి, దానికి కొంచెం ధైర్యం కావాలి. తెర చాటున పద్నాలుగు మంది నవ్వడం సులువు.

రెండో బెంచీ
మా ఉపాధ్యాయుల వాట్సాప్ బృందంలో బదిలీ అయినవారికీ, బిడ్డ పుట్టినవారికీ, పదవీ విరమణ చేసినవారికీ అందరూ ఒకే దండం బొమ్మ పెడతారు. ఒకసారి మరణవార్త కింద “శుభాకాంక్షలు” కూడా వచ్చింది. పిల్లలను ఏమని అంటాం?

హంద్రీ ఒడ్డు
కర్నూలు జిల్లా పత్తికొండ వైపు పనిచేస్తాను. రెండేళ్లుగా చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిక పట్టండి.

మొదటి ఏడాది నాకూ ఇదే జరిగింది. తర్వాత తట్టింది ఏమిటంటే, పిల్లలకు అభిప్రాయం చెప్పడం మనం ఎప్పుడూ నేర్పలేదు. వాళ్లు బడిలో చూసిన అభిప్రాయాలు రెండే: ఒకటి మన ‘గుడ్’, రెండోది మన ఎర్ర గీత. అవే తిరిగి మనకు ఇస్తున్నారు. మీ పిల్లల ‘సూపర్’ మన ‘గుడ్’ బిడ్డే. ఆ వెక్కిరింత మన ఎర్ర గీతకు తమ్ముడు.

రెండో ఏడాది ముందు నా రాతను వాళ్ల ముందు పెట్టాను. తొలకరి పడగానే మా వైపు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు కదా, చిన్నప్పుడు మా మేనమామతో వెళ్లిన రోజు గురించి పేజీన్నర రాసి, తరగతి గదిలోని ఐ.ఎఫ్‌.పి. అనే పెద్ద డిజిటల్ తెర మీద చూపించి, ఇందులో నేను ఏమి చెప్పకుండా వదిలేశానో అడగండి అన్నాను. మొదటి పది నిమిషాలు పొగడ్తలే. ఆ తర్వాత వెనక వరుసలో ఒక పిల్ల లేచి, “మొత్తం చదివాను సార్, మీకు రాయి దొరికిందో లేదో మాత్రం తెలియలేదు” అంది. నిజంగానే రాయలేదు! మబ్బులు, మట్టి వాసన, ఎర్రనేల, అన్నీ వర్ణించి అసలు సంగతి మరిచిపోయాను. వాళ్ల ముందే చెరిపి తిరగరాశాను. పంతులు రాసింది కూడా మార్చవచ్చని ఆ పీరియడ్‌లో తెలిసింది వాళ్లకు.

ఆ తర్వాత చదివేవాడికి మూడు పనులు పెట్టాను. చదువుతుంటే నీకు కళ్లకు కట్టిన వాక్యం ఏదో దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాయి. ఎక్కడ తికమక పడ్డావో చెప్పు. రాసినవాణ్ణి నిజంగా తెలుసుకోవాలనిపించిన ఒక ప్రశ్న అడుగు. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనే రెండు మాటలూ నిషిద్ధం. అక్షరదోషాల జోలికి మొదటిసారి చదివేటప్పుడు ఎవరూ పోకూడదు. అది చివర్లో, పక్కపక్కన కూర్చుని, పెన్సిలుతో. బ్లాగులో అందరి ముందూ కాదు.

ఒక్కొక్క రాతకు ఇద్దరే పాఠకులు. 42 మందీ అందరివీ చదవాలంటే ఎవరూ ఎవరిదీ చదవరు.

తిమ్మమ్మ మర్రి
ఆ రెండు మాటల మీద నిషిద్ధాక్షరి పెట్టారన్నమాట. అవధానంలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడితేనే కదా పద్యం పదునెక్కేది. మా ఎనిమిదో తరగతిలో నిషిద్ధాక్షరి అడిగేవాళ్లు దొరకడం లేదు, అందరూ అప్రస్తుత ప్రసంగమే. నెమలి మీద రాస్తే కింద క్రికెట్ స్కోరు.

కొండారెడ్డి బురుజు
హంద్రీ సార్, నెల తిరిగేసరికి మీ మూడు ప్రశ్నలకు మూడు అచ్చు జవాబులు తయారవుతాయి చూడండి. గైడు వదిలి బతకలేని తరగతులను తయారు చేసింది మనమే.

హంద్రీ ఒడ్డు
తయారయ్యాయి, దాచను. సెప్టెంబరు నాటికి ప్రతివాడి ప్రశ్నా “తర్వాత ఏమైంది?” అనే. అందుకే ఇప్పుడు పని వారం వారం మారుస్తాను. ఒక వారం “ఇందులో వినిపించిన శబ్దాలు ఏరండి.” ఇంకో వారం “ఒక్క వాక్యం తీసేయమంటే ఏది తీస్తారు, ఎందుకు?” ఈ రెండో దానికి పెద్ద గొడవలే జరుగుతాయి. ఒక అబ్బాయి తన వాక్యాన్ని కాపాడుకోవడానికి అర పేజీ వాదన రాశాడు. ఆ వాదన వాడి వ్యాసం కన్నా నయం.

గండికోట నీడ
కడపలో డైట్‌లో, అంటే ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో, పిల్లలకు పాఠాలు చెబుతాను. ఈ విషయం మీద నాకు నచ్చిన పరిశోధన ఒకటుంది. 2009లో లండ్‌స్ట్రమ్, బేకర్ అనే ఇద్దరు అమెరికాలో ఇంగ్లీషు నేర్చుకునే 91 మంది విద్యార్థులను రెండు జట్లు చేశారు. ఒక జట్టు పని, ఇతరుల రాతలు చదివి సూచనలు ఇవ్వడం మాత్రమే. రెండో జట్టు పని, వచ్చిన సూచనలను వాడుకుని ఎలా తిరగరాయాలో నేర్చుకోవడం మాత్రమే. ఆ విడత చదువు ముగిసేసరికి సొంత రాత ఎక్కువగా మెరుగుపడింది సూచనలు ఇచ్చినవాళ్లకే. అందులోనూ భాష తక్కువ వచ్చినవాళ్లే ఎక్కువ బాగుపడ్డారు.

అంటే పక్కవాడికి పనికొచ్చే మాట చెప్పలేకపోయినా, చెప్పడానికి వెతుకుతున్న పిల్లవాడు తన పని తాను నేర్చుకుంటున్నాడు. మనమేమో తరగతిలో బాగా రాసేవాళ్లనే దిద్దేవాళ్లుగా కూర్చోబెడతాం. తలకిందుల పని.

కొండారెడ్డి బురుజు
అమెరికాలో ఇంగ్లీషు నేర్చుకునే పెద్దవాళ్లు వేరు, ఇక్కడ సొంత భాషలో తడబడే పద్నాలుగేళ్లవాడు వేరు.

గండికోట నీడ
వేరే. అందుకే ఫలితాన్ని అప్పు తేవడం లేదు, ఆలోచనను తెస్తున్నాను. బోరు గురించి రాసిన ఆ అబ్బాయికి రాయమని చెప్పడం కొన్నాళ్లు ఆపండి మేడం. చదివే పని ఇవ్వండి.

పాత బ్లాగరు
అబ్బ, బ్లాగు అన్న మాట విని ఎన్నాళ్లయింది! లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు పుట్టించి, తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపే కూడలిలో మన టపా ఎప్పుడు కనిపిస్తుందా అని కళ్లు కాయలు కాచేలా చూసిన కాలం నాది. ఒక్క వ్యాఖ్య వస్తే ఆ రోజు భోజనం రుచిగా ఉండేది. ఒకాయన నా ప్రతి టపాకూ వచ్చి అరసున్నలు లెక్కపెట్టి వెళ్లేవారు. తిట్టుకుంటూనే దిద్దుకునేవాణ్ణి. మీ పిల్లలను చూస్తే ఈర్ష్యగా ఉంది మేడం, 41 మంది పాఠకులు గ్యారంటీగా ఉన్నారు.

పెన్నా గట్టు
నేను ఉపాధ్యాయుణ్ణి కాదు, తండ్రిని. మా పాప బడిలో ఇలాగే పెట్టారు. తీరా చూస్తే పిల్ల పూర్తి పేరు, తరగతి, ఊరు, వరండాలో నిలబెట్టి తీసిన ఫోటో, అన్నీ బజార్లో పెట్టినట్టు ఉన్నాయి. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. రాయించడం మంచిదే, కాదనను. కానీ మా పిల్ల ఇంట్లో జరిగిన గొడవ రాసింది, అది మా చుట్టాల ఫోన్లో కనిపించింది. పండగపూట మా ఇంట్లో ఎలా ఉంటుందో ఆలోచించండి.

బెల్లు కొట్టినవాడు
ఈయన మాట తేలిగ్గా తీసుకోవద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి అడగమంటుంది. మా బడిలో ముందు సంతకాలు తీసుకున్నాం. బ్లాగును పిలిచినవారికే కనిపించేలా మార్చాం. పిల్లలకు కలం పేర్లు. ఫోటోలు లేవు. వ్యాఖ్య ఏదైనా మేము చూసి వదిలితేనే కనిపిస్తుంది. ఆ ఒక్క ఏర్పాటు పెట్టి ఉంటే సుద్దముక్క మేడంకు ఆ రాత్రి వచ్చేది కాదు.

కలం పేర్లు పెట్టుకోవడానికే రెండు పీరియడ్లు పట్టింది. ఇప్పుడు మా తరగతిలో ముగ్గురు పుష్పలు ఉన్నారు, ముగ్గురూ మగపిల్లలే.

సుద్దముక్క
వ్యాఖ్యలను ఆపి చూసే ఏర్పాటు ఉందని నాకు తెలియదు. నిన్న రాత్రే పెట్టాను. పెన్నా గట్టు గారూ, పేర్లు కూడా తీసేస్తున్నాను.

కొండారెడ్డి బురుజు
కలం పేరు పెడితే ఎవరు ఏమన్నారో తెలియదు, ఇంకా రెచ్చిపోతారు.

బెల్లు కొట్టినవాడు
బయటివాళ్లకు తెలియదు. తరగతిలో అందరికీ అందరూ తెలుసు. ఎవరి పుష్ప ఎవరో వాళ్లను అడగండి.

తిమ్మమ్మ మర్రి
నాకు వేరే గొడవ. ఒక అమ్మాయి ‘చెనిక్కాయలు’ అని రాస్తే, చదివిన ఇద్దరూ అది తప్పు, ‘వేరుశనగకాయలు’ అని రాయాలి అన్నారు. ఆ పిల్ల మార్చేసింది. మార్చాక చదివితే అది వాళ్ల చేను కాదు, వ్యవసాయశాఖ కరపత్రం. నేను మళ్లీ మార్పించాను. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ మీటింగులో ఒక సార్ నన్ను పట్టుకుని, పరీక్షలో అలా రాస్తే మార్కులు మీరిస్తారా అన్నారు.

కొండారెడ్డి బురుజు
ఆ సార్ అన్నదాంట్లో తప్పేముంది? పేపరు దిద్దేవాళ్లు ఏ జిల్లావాళ్లో మనకు తెలియదు.

లేపాక్షి బసవన్న
పరీక్ష పేపరు వేరు, మా అవ్వ గురించి నేను రాసుకునేది వేరు. రెండింటికీ రెండు భాషలు ఉంటాయని పిల్లలకు చెప్తే సరిపోతుంది, వాళ్లు మనకన్నా త్వరగా పట్టుకుంటారు. మాది మడకశిర వైపు. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, సినిమాలో ఇంకో తెలుగు. ఎక్కడ ఏది మాట్లాడాలో ఆరేళ్లకే తెలుసు మాకు.

గండికోట నీడ
మా విద్యార్థులను ఒకసారి కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్లాను. బ్రౌన్ ఉన్న బంగళా స్థలంలోనే కట్టారు కదా. 1820లో ఇక్కడికి వచ్చిన మనిషి, వేమన పద్యాలకు ఎన్నో రాతప్రతులు సేకరించి, పండితులను జీతానికి పెట్టి, ఒక ప్రతిని ఇంకో ప్రతితో పోల్చి తేడాలు రాయించాడని చెప్పాను. తాటాకుల మీద రాసినవాళ్లూ తప్పులు రాశారు అనగానే పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. ఒకడైతే, “అయితే పాఠభేదం అంటే పెద్దవాళ్ల అక్షరదోషమా సార్?” అన్నాడు. ఇంతవరకు జవాబు చెప్పలేదు.

రెండో బెంచీ
అన్నట్టు ఆ ‘భోరు’. ఒత్తు తప్పే. కానీ 600 అడుగుల పొడి గుంతకు అంతకన్నా తగిన అక్షరం నాకు తోచడం లేదు.

కొండారెడ్డి బురుజు
అలా ముద్దు చేయకండి. పేదవాడి తప్పును కవిత్వం అని మెచ్చుకుని వదిలేస్తే నష్టపోయేది వాడే. మన పిల్లల ఒత్తులు మనం ఇంట్లో దిద్దుకుంటాం.

రెండో బెంచీ
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కోసిగి ఎండ
బురుజు సార్ గోడ పత్రిక చాలన్నారు కాబట్టి ఇది చెప్పాలి. మా మండలాల నుంచి ఏటా కుటుంబాలు సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్తాయి. తరగతి సగం ఖాళీ అవుతుంది. వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టలు ఉన్నా, ఆడపిల్లను వదిలి వెళ్లడానికి చాలామంది ఇష్టపడరు. నిరుడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె అలా వెళ్లింది. వాళ్ల నాన్న ఫోనులో రాత్రిపూట మా తరగతి బ్లాగు చదివేది. టైపు చేయడం రాదు, అందుకని మాటల్లో చెప్పి పంపింది, మా లీడర్ వాటిని అక్షరాల్లో పెట్టాడు. మొదట పంపింది నాలుగు వాక్యాలు: ఇక్కడికి వచ్చాము, గుడారం వేశాము, కోస్తున్నాము, అందరినీ అడిగానని చెప్పండి.

కింద మా పిల్లలు అడిగిన ప్రశ్నలు చూడాలి. చేతులు మండితే దేనితో కడుగుతారు? ఆ చేత్తోనే అన్నం ఎలా తింటారు? చిన్న తమ్ముణ్ణి ఎక్కడ పడుకోబెడతారు? కళ్లు నలుపుకుంటే ఏమవుతుంది? వారానికి ఒకటి చొప్పున జవాబులు వచ్చాయి. మార్చి నాటికి అది మూడు పేజీలు అయింది. నేను ఒక్క అక్షరం కూడా చెప్పలేదు. తిరిగి వచ్చాక ఆ పిల్ల తరగతిలో కూర్చోవడానికి బెదరలేదు, ఎందుకంటే అందరూ తనతో మాట్లాడుతూనే ఉన్నారు. అంతకుముందు ఏడాది సుగ్గి నుంచి వచ్చిన ముగ్గురిలో ఇద్దరు బడికి తిరిగి రాలేదు.

కొండారెడ్డి బురుజు
దీనికి గోడ పత్రిక పనికిరాదు. ఒప్పుకున్నాను.

పాత బ్లాగరు
ఆ మూడు పేజీలు చదవడానికి మమ్మల్ని ఎవరూ పిలవరా?

కోసిగి ఎండ
ఆ పిల్లను అడిగాను. బయటివాళ్లకు వద్దంది. అందుకని లేదు.

తిమ్మమ్మ మర్రి
ఫోన్లో యంత్రాన్ని అడిగి రాయించుకుని తెచ్చేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా దగ్గర దాన్ని పట్టుకున్నది నేను కాదు, పక్క బెంచీవాడు. “నేను ప్రకృతి ఒడిలో పెరిగాను” అని వ్యాసం వచ్చింది. కింద ప్రశ్న: “మీ ఇల్లు బస్టాండు వెనక కదరా, ఒడి ఎక్కడుంది?” మరునాడు ఆ పిల్లవాడు బస్టాండు గురించే రాసుకొచ్చాడు. తెల్లవారుజామున తొలి బస్సు ఇంజను మొదలైతే వాళ్ల వంటగదిలో గిన్నెలు కదులుతాయట. ఇల్లు తెలిసిన పాఠకుడి ముందు అబద్ధం నిలవదు.

బెల్లు కొట్టినవాడు
వీటికి మార్కులు వేస్తున్నారా ఎవరైనా? మేము ఎఫ్‌.ఏ.లో, అంటే ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనంలో, రాత పనుల పది మార్కులకు దీన్ని కలిపాం. కలపగానే స్నేహితులు స్నేహితులకు ‘కళ్లకు కట్టిన వాక్యాలు’ పంచిపెట్టారు. రాసినవాడికి కాకుండా ప్రశ్న అడిగినవాడికి మార్కు ఇస్తే ఎలా ఉంటుందా అని చూస్తున్నాం.

కొండారెడ్డి బురుజు
అప్పుడు ప్రశ్నలకు గైడు వస్తుంది.

సుద్దముక్క
మూడు వారాలైంది, చెప్పాల్సినవి చాలా ఉన్నాయి కానీ రేపు తనిఖీ, నాలుగు మాటల్లో రాస్తాను.

నా రాతను ముందు పెట్టాను. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు గురించి. 19 ప్రశ్నలు వచ్చాయి. నాకు ‘చాలా బాగుంది’ అని ఒక్కరూ అనలేదు. నియమం పెట్టింది నేనే, అయినా కొంచెం బాధే వేసింది.

వెక్కిరించిన అబ్బాయిని పిలిచి ఏమీ అనలేదు. ఆ వారం వాడి వంతు వస్తే మాత్రం ఇద్దరు గట్టి పాఠకులను ఇచ్చాను. కబడ్డీ పోటీ మీద రాశాడు. “నువ్వు గెలిచావు సరే, ఓడినవాళ్లు బస్సులో ఏమి మాట్లాడుకున్నారు?” అని అడిగారు వాణ్ణి. తెలియదన్నాడు. రెండు రోజులు ఆలోచించి ఊహించి రాశాడు. అంత గొప్పగా ఏమీ లేదు, కానీ ఆలోచించాడు.

బోరు అబ్బాయి ఇంకా రాయడం లేదు. గండికోట సార్ చెప్పినట్టు చదివే పని ఇచ్చాను. రెండు వారాలు ఏమీ పెట్టలేదు. మొన్న ఒక అమ్మాయి, వాళ్లింట్లో గేదెను అమ్మిన రోజు గురించి రాస్తే కింద రెండు ప్రశ్నలు అడిగాడు. “తాడు ఎవరు విప్పారు? గేధె వెనక్కి తిరిగి చూసిందా?” ఆ అమ్మాయి నిన్న మళ్లీ రాసింది. తాడు వాళ్ల తాతయ్య విప్పాడట, కొన్నవాళ్లు తమ తాడు తెచ్చుకున్నారట, పాత తాడు ఇంకా గుంజకే ఉందట. మొదటిసారి రాసినదాంట్లో ఇదేదీ లేదు.

‘గేధె’ అని రాశాడు చూశారా. దిద్దడానికి చేయి వెళ్లింది, ఆగిపోయాను.

కొండారెడ్డి బురుజు
దిద్దండి మేడం. రేపు కాదు, ఎల్లుండి. పక్కన కూర్చోబెట్టుకుని, పెన్సిలుతో.

రెండో బెంచీ
చాలా బాగుంది.

హంద్రీ ఒడ్డు
నిషిద్ధం. ప్రశ్న అడగండి.

రెండో బెంచీ
తనిఖీ ఎలా జరిగింది మేడం?